గుండె లయ తప్పుతోంది: అబ్లేషన్ ఇప్పుడే చేయించుకోవాలా, మాత్రలతో నెట్టుకురావాలా?

నాలుగు గళ్ల పుస్తకం అడిగారు:

లెక్కల మాస్టారిని. వయసు 54. బీపీ పన్నెండేళ్లుగా ఉంది, షుగర్ నాలుగేళ్లుగా. రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. పద్దెనిమిది నెలల కిందట ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు (కర్ణికలు) వరస తప్పి కొట్టుకునే జబ్బు, అని తేలింది. ఇప్పుడు డాక్టరుగారు అబ్లేషన్ మాట ఎత్తారు, అంటే సిర గుండా గుండెలోకి వెళ్లి దడ పుట్టించే చోట మచ్చ వేయడం. ఇంట్లో రోజూ దాని మీదే చర్చ. ఇక్కడ చేయించుకున్నవాళ్లూ ఉంటారు, వద్దనుకున్నవాళ్లూ ఉంటారని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటిసారి క్లాసులో వచ్చింది. వర్గ సమీకరణం బోర్డు మీద సగంలో ఉంది. ఛాతీలో, సంచిలో వేసిన చేప ఎగిరెగిరి పడ్డట్టు అనిపించింది. పిల్లలకు తెలియకుండా బోర్డు వైపు తిరిగి మణికట్టు పట్టుకున్నాను. ఒట్టి వేగమే అయితే అంత కంగారు పడేవాణ్ని కాదేమో. వరస లేదు. రెండు దెబ్బలు అతుక్కుని వచ్చేవి, కాస్త ఖాళీ, మళ్లీ మూడు గబగబా, ఆ తర్వాత ఒకటి ఉందో లేదో తెలియనంత మెత్తగా. గోడ గడియారం చూస్తూ పదిహేను సెకన్ల చొప్పున నాలుగుసార్లు లెక్కపెట్టాను: 31, 38, 27, 35. కూడితే 131. మామూలుగా నాది 70 దాటదు. మిగతా లెక్క చెయ్యమని ముందు బెంచీ పిల్లవాడికి సుద్దముక్క ఇచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఆసుపత్రికి చేరేసరికి ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి ఈసీజీలో దొరికిపోయింది. చాలామందికి ఇది డాక్టరు ముందు కూర్చునేసరికి మాయమైపోతుందట. ఆ విషయంలో అదృష్టవంతుణ్ని.

అప్పట్నుంచి ఒక పుస్తకం పెట్టాను. నాలుగు గళ్లు: తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, అప్పుడేం చేస్తున్నాను. ఇవాళ్టికి 23 సార్లు. అతి తక్కువ 40 నిమిషాలు, అతి ఎక్కువ 19 గంటలు. అన్నీ వాటంతట అవే ఆగాయి. కానీ మొదటి ఆరు నెలల్లో 3, తర్వాతి ఆరు నెలల్లో 7, ఈ ఆరు నెలల్లో 13. ఈ శ్రేణి ఎటు పోతోందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

మందులు: గుండె వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్, రక్తం పలచబడటానికి అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా. ఆరు నెలల కిందట లయ నిలబెట్టే ఫ్లెకనైడ్ కలిపారు. రెండు నెలలు హాయిగా ఉంది, తర్వాత మళ్లీ మామూలే. మెటోప్రొలాల్ వేసుకున్న దగ్గర్నుంచి స్టాఫ్ రూమ్ మెట్లెక్కుతుంటే కాళ్లకు ఇసుక మూటలు కట్టినట్టుంది. ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, ఎడమ కర్ణిక 41 మిల్లీమీటర్లు, వాల్వులు బాగున్నాయి.

మా ఆవిడ అంటుంది, "నెలలో ఇరవై ఎనిమిది రోజులు బాగానే ఉంటారు కదా, ఆ రెండు రోజుల కోసం గుండెకు వాతలు పెట్టించుకుంటారా?" అని. మా బావమరిది, "ఒకసారి చేయించేస్తే పీడా పోతుంది, ఆ రక్తం పలచబడే మాత్రలు కూడా మానేయొచ్చు" అంటాడు. నాకు తేలనివి మూడు. ఇప్పుడే చేయించుకోవాలా? చేయించుకుంటే నిజంగా ఆ మాత్ర మానేయొచ్చా? వేడితో, చలితో, కరెంటు పల్స్‌తో అని మూడు పద్ధతులు చెప్పారు, తేడా ఏమిటి?


మూడో అంతస్తు రాశారు:

మాస్టారూ, మీ ఆవిడ "వాతలు" అన్నారు చూడండి, అంతకంటే సరైన మాట నేను వినలేదు. నాకు రెండుసార్లు పెట్టారు. మొదటిది నాలుగేళ్ల కిందట క్రయో బెలూన్‌తో, అంటే చలితో, రెండోది రెండున్నరేళ్ల కిందట వేడితో. వయసు 49.

ఎవరూ ముందుగా చెప్పనివి చెప్తాను. ప్రొసీజర్ గురించి నాకు తెలిసింది సున్నా, మత్తులో ఉన్నాను. కష్టమంతా తర్వాత. గజ్జలో సిర గుండా వెళ్తారు కాబట్టి అక్కడ రక్తం కారకుండా కాళ్లు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. నాకు ఆరు గంటలు. నాలుగో గంటకు నడుము అరిచింది. పక్కన నర్సు అరగంటకోసారి వచ్చి దుప్పటి ఎత్తి గజ్జ దగ్గర వేలితో నొక్కి చూసి వెళ్లేది. మర్నాటికి తొడ మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ. వారానికి ఆకుపచ్చ, తర్వాత పసుపు. మూడు రోజులు గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టుండేది, గుండె పైపొర కాస్త వాచడం వల్లట. ఇంకొకటి, రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం కళ్ల ముందు మెరుపుల వంకరగీత ఇరవై నిమిషాలు ఆడింది. స్ట్రోక్ అనుకుని హడలిపోయి పరిగెత్తాం. పరీక్షలన్నీ చేసి, కర్ణికల మధ్య గోడకు సూదితో రంధ్రం చేస్తారు కదా, అది మానేలోపు కొందరికి మైగ్రేన్‌లాంటి మెరుపులు వస్తాయని చెప్పారు. ముందే ఆ ఒక్క ముక్క చెప్పుంటే! అయినా పరిగెత్తడమే మంచిదైంది, అది ఏమిటో ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

గుండె వేగం కూడా మారింది. అంతకుముందు కూర్చున్నప్పుడు 62, తర్వాత నెలల తరబడి 78. అక్కడి నరాల ముడులకు కూడా వాత తగులుతుందట. ఏమీ కాదు, కానీ పల్స్ లెక్కపెట్టే అలవాటున్న మీలాంటివారు ముందే తెలుసుకుంటే మంచిది.

ఇక అసలు సంగతి. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్లీ దడ. ఏడుపొక్కటే తక్కువ. మొదటి రెండు మూడు నెలల్లో వచ్చేవాటిని లెక్కలోకి తీసుకోరని, కాలిన చోటు మానేదాకా గుండె చికాకుగా ఉంటుందని చెప్పారు. నిజమే, ఆగిపోయింది. పదకొండు నెలలు స్వర్గం. తర్వాత ఒక రాత్రి వచ్చింది, పోనంది. రెండోసారి లోపలికెళ్లి చూస్తే, ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే నాలుగు సిరల చుట్టూ వేసిన వాతల్లో మూడు గట్టిగానే ఉన్నాయి, కుడి కింది సిర దగ్గర చిన్న సందు తెరుచుకుంది. ఆ సందు మూశారు. అప్పట్నుంచి ఏడాదికి ఒకటో రెండో, అవీ పది నిమిషాలు. పీడా పూర్తిగా పోతుందని మీ బావమరిదిలాగే నేనూ అనుకుని వెళ్లాను, అందుకే పదకొండో నెలలో అంత కుంగిపోయాను. నెలకు రెండున్నర రోజులు పోయేవి, ఇప్పుడు ఏడాదికి పావుగంట పోతుంది. ఆ లెక్కతో వెళ్లండి. నేనైతే మళ్లీ చేయించుకుంటాను.

అపిక్సబాన్ నాకు ఆపేశారు. నాకు బీపీ లేదు, షుగర్ లేదు. మీ సంగతి వేరు.


చేమంతి రాశారు:

నాయనా, నాకు 76 ఏళ్లు. నాకు వచ్చి పోయేది కాదు, తొమ్మిదేళ్లుగా వచ్చి కూర్చుంది. అబ్లేషన్ చేయించుకోలేదు, బతికే ఉన్నాను, మనవరాలికి లెక్కలు కూడా చెప్తున్నాను.

మొదట్లో మత్తిచ్చి షాక్ ఇచ్చారు. మూడు వారాల ముందు నుంచీ రక్తం పలచబడే మాత్ర ఒక్క పూట కూడా తప్పకుండా వేయించారు, గడ్డ ఏదైనా ఉంటే షాక్‌తో గుండె సరిగా కొట్టుకోగానే మెదడుకు ఎగిరిపోతుందని. షాక్‌తో సరైంది. ఇరవై రెండు రోజులకు తిరగబెట్టింది. అమియోడరోన్ ఇచ్చారు. అది గుండెను బాగానే పట్టి ఉంచింది కానీ ఎనిమిది నెలల్లో థైరాయిడ్ పాడుచేసింది. ఆ మాత్రలో మూడోవంతు పైగా అయోడినేనట. ఆపేసినా నెలల తరబడి ఒంట్లోంచి పోదు.

అప్పుడు మా డాక్టరమ్మ అంది, "లయను వదిలేద్దాం, వేగాన్ని పట్టుకుందాం" అని. ఇప్పుడు కూర్చుంటే 80, 90 మధ్య ఉంటుంది. మెటోప్రొలాల్, రక్తం పలచబడే మాత్ర, అంతే. గుండె ఇప్పటికీ అడ్డదిడ్డంగానే కొట్టుకుంటోంది, నాకు తెలియనే తెలియదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే మాత్రం తెలుస్తుంది, కుడివైపు తిరుగుతాను.

నీకు నా దారి పట్టమని చెప్పను. నీకు ప్రతిదీ తెలుస్తోంది, టైముతో సహా రాస్తున్నావు. తెలియని నాలాంటిదానికీ, తెలిసే నీకూ మందు ఒకటే ఎలా అవుతుంది? మెట్ల దగ్గర కాళ్లు బరువెక్కుతున్నాయన్నావే, అది మాత్రం డాక్టరుకు గట్టిగా చెప్పు. నాకు మోతాదు తగ్గిస్తే తేలికైంది.


గాలివాటం రాశారు:

ఇంత హడావుడి ఎందుకండీ. మా పెదనాన్నకి ఇదే జబ్బు. రోజుకో చిన్న ఆస్పిరిన్‌తో పదేళ్లు లాగించాడు. అది కూడా రక్తం పలచబరిచేదే కదా.


సీసపు కోటు రాశారు:

ఆస్పిరిన్ మాట ముందు తేల్చేద్దాం, ఎవరైనా చదివి మాత్ర మార్చుకుంటారేమోనని భయంగా ఉంది. ఈ జబ్బులో స్ట్రోక్ ఆపడానికి ఆస్పిరిన్ పనికిరాదు. వార్ఫరిన్ (రక్తం పలచబడే పాత మందు) పడని 5,599 మందిలో సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి అపిక్సబాన్ ఇచ్చి చూశారు, 2011లో ఫలితం వచ్చింది. అపిక్సబాన్ వాడినవాళ్లలో స్ట్రోకులు సగానికి పైగా తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు ఇంచుమించు సమానం. ఆ పెదనాన్నగారిది అదృష్టం, చికిత్స అనలేం.

ఇక మాస్టారికి. నేను డాక్టర్ని కాను. గుండె లయ జబ్బులకు అబ్లేషన్లు చేసే ఈపీ ల్యాబులో టెక్నీషియన్‌ని, పదకొండేళ్లుగా సీసపు కోటు వేసుకుని ఇవే చూస్తున్నాను. మీ గుండె నేను చూడలేదు కాబట్టి నిర్ణయం మీదీ మీ డాక్టరుగారిదీ. జరిగేదేమిటో చెప్తాను.

ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి మామూలుగా నాలుగు సిరలు వస్తాయి. కర్ణిక కండరం చొక్కా చేతుల్లాగా ఆ సిరల మీదకు కొంత దూరం పాకి ఉంటుంది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్దోలో మిషెల్ ఐసగ్యెర్ బృందం 45 మందిని పరీక్షించి, ఈ గోలకు నిప్పురవ్వ ఎక్కణ్నుంచి పుడుతోందో పట్టుకుంది. 69 చోట్ల పుడుతుంటే 65 ఆ సిరల్లోనే. అంతకుముందు అందరూ కర్ణికలో వెతికేవారు. అప్పట్నుంచి మేం చేసే పని ఒకటే: సిర నోటి చుట్టూ ఉంగరంలా మచ్చ వేసి, లోపల పుట్టే రవ్వ బయటికి రాకుండా చేయడం. లోపల అది గెంతుతూనే ఉంటుంది. తెర మీద చూస్తే భలే ఉంటుంది, సిరలో గీతలు టకటకా కొట్టుకుంటుంటాయి, పక్కనే కర్ణిక ప్రశాంతంగా తన లయలో పోతుంటుంది. ఉంగరంలో ఎక్కడైనా సందు మిగిలితే మూడో అంతస్తు గారికి అయినట్టు అవుతుంది.

ఆ ఉంగరం దేంతో వేస్తామన్నదే మీ మూడో ప్రశ్న. రేడియో ఫ్రీక్వెన్సీ అంటే వేడి, చుక్కచుక్కగా కుట్లు వేసినట్టు. క్రయో అంటే సిర నోట్లో బెలూన్ ఉబ్బించి మైనస్ 40, 50 డిగ్రీలకు గడ్డకట్టించడం, ఒక్కో సిరకు కొన్ని నిమిషాలు. 2016లో 762 మందిలో ఈ రెంటినీ పోల్చారు, ఫలితంలో తేడా లేదు. పల్స్‌డ్ ఫీల్డ్ కొత్తది. కాల్చదు, గడ్డకట్టించదు. మైక్రోసెకన్ల కరెంటు దెబ్బలతో కణాల పొరకు చిల్లులు పడతాయి. గుండె కండరానికి ఆ దెబ్బ త్వరగా తగులుతుంది, వెనకాలే ఆనుకుని ఉన్న అన్నవాహికకు, ఊపిరి తీయించే డయాఫ్రమ్ పొరను కదిపే పొరనాడులకు అంతగా తగలదు. 2023లో 607 మందిలో పోలిస్తే ఏడాదికి విజయం 73 శాతం, వేడి చలి పద్ధతుల్లో 71. అంటే ఎక్కువ పనిచేస్తుందని కాదు, అంతే పనిచేస్తుంది, పక్కవాటిని కాపాడుతుంది, తొందరగా అయిపోతుంది. దానికీ తలనొప్పులున్నాయి. దెబ్బలు మరీ ఎక్కువిస్తే ఎర్ర రక్తకణాలు పగిలి కిడ్నీల మీద పడొచ్చు. నా మాట అడిగితే మెషీన్ పేరు తర్వాత అడగండి, దాన్ని పట్టుకునే చెయ్యి ఏడాదికి ఎన్ని చేస్తుందో ముందు అడగండి.

ప్రమాదాలు దాచను. గజ్జలో రక్తస్రావం, కమలడం మామూలు. గుండె చుట్టూ రక్తం చేరడం సుమారు నూటికి ఒకరికి. నేను చూశాను, గుండె పొరలోకి సూది పెట్టి తీసేదాకా గదిలో ఎవరం మాట్లాడం. స్ట్రోక్ అంతకంటే తక్కువ. చలి బెలూన్‌తో కుడివైపు పొరనాడి కొన్నాళ్లు చచ్చుబడొచ్చు, చాలావరకు తిరిగొస్తుంది. బహు అరుదు కానీ ప్రాణాంతకం ఒకటుంది: వేడికి కర్ణికకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడటం. ఇది అప్పటికప్పుడు తెలియదు, వారాల తర్వాత బయటపడుతుంది. అబ్లేషన్ అయిన రెండు నెలల లోపు జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా "నాకు అబ్లేషన్ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. ఛాతీ సీటీ తీస్తారు. తెలియని చోట గొంతులోంచి కెమెరా వేయనివ్వకండి, దాంతో ఊదే గాలి ఆ రంధ్రం గుండా రక్తంలోకి పోతుంది. ఇది రాసి పర్సులో పెట్టుకోమని మా దగ్గర అందరికీ చెప్తాను.

ఇప్పుడా తర్వాతా అన్నది. 303 మందిని తీసుకుని, సగం మందికి మందులతో విసిగించకుండా మొదటే చలి అబ్లేషన్ చేశారు, మిగతా సగానికి లయ మందులిచ్చారు, ఫలితం 2020లో వచ్చింది. అందరి ఛాతీ చర్మం కింద చిన్న రికార్డరు పెట్టి ఏడాది చూశారు. మందుల వైపు 68 శాతం మందికి తిరగబెట్టింది, అబ్లేషన్ వైపు 43 శాతానికి. 43 చిన్న అంకె కాదు, గమనించండి. కానీ వాళ్లలో కూడా దడలో గడిపే మొత్తం టైము బాగా తగ్గిపోయింది. ఇదంతా మనసుకు తోచడమేనేమో అని అనుమానించేవాళ్ల కోసం 2024లో ఇంకొకటి వచ్చింది. 126 మందిలో సగం మందికి మత్తిచ్చి అబ్లేషన్ చేసినట్టు నటించారు. నిజంగా చేసినవాళ్లలో దడ టైము 60 శాతం తగ్గింది, ఉత్తుత్తిగా చేసినవాళ్లలో 35. బతుకు హాయిగా ఉందన్న మార్కులు కూడా నిజం వాళ్లవే ఎక్కువ. ఆయుష్షు పెరుగుతుందా అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 2,204 మందితో చేసిన పెద్ద పోలికలో, 2019లో అచ్చయింది, మరణాలు వగైరా కలిపిన లెక్కలో తేడా కనపడలేదు, తిరగబెట్టడం మాత్రం బాగా తగ్గింది. గుండె పంపింగ్ దెబ్బతిన్నవాళ్ల లెక్క వేరు, 363 మందిలో చూసిన 2018 నాటి పరిశీలనలో వాళ్లకు అబ్లేషన్‌తో మరణాలు కూడా తగ్గాయి. మీ పంపింగ్ 60, ఆ గుంపు మీది కాదు.

చేమంతి అమ్మగారి దారి కూడా తప్పు దారి కాదు. 2002లో 4,060 మంది మీద చూస్తే లయ పట్టినా, వేగం పట్టినా బతికే లెక్క ఒకటే అని తేలింది. 2020లో వచ్చిన ఇంకో పరిశీలన, 2,789 మందితో చేసింది, జబ్బు బయటపడ్డ ఏడాదిలోపే లయను పట్టుకుంటే స్ట్రోక్, గుండె మరణాలు తగ్గుతాయని చెప్పింది. రెంటికీ మధ్య పద్దెనిమిదేళ్లు, మందులూ పద్ధతులూ చాలా మారాయి. మీ 3, 7, 13 చూస్తే కర్ణిక అలవాటు పడుతోంది. వచ్చి పోయే దశలో చేసినంత బాగా, వచ్చి కూర్చున్నాక పనిచేయదు. 41 మిల్లీమీటర్లు కాస్త పెద్దదే, మరీ పెద్దది కాదు. నేనైతే ఏళ్లు వాయిదా వేయను. అలాగని వచ్చే వారమే అనీ కాదు.

రక్తం పలచబడే మాత్ర. ఇక్కడ మీ బావమరిది మాట వినకండి. అబ్లేషన్ మీ దడ కోసం, మాత్ర మీ మెదడు కోసం. స్ట్రోక్ ముప్పు అంచనా వేసే స్కోరు ఒకటుంది: బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, మీ స్కోరు 2. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు నెలలు ఎవరికైనా తప్పదు. ఆ పైన స్కోరును బట్టి చూస్తారు, దడ ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. ఎందుకంటే మీకు తెలియకుండా నిద్రలో వచ్చిపోయే దడలు ఉంటాయి. అబ్లేషన్‌కు ముందు ప్రతిదీ తెలిసినవాళ్లకు కూడా తర్వాత చాలావాటి జాడ తెలియదు. 2025లో కొరియాలో 840 మంది మీద ఒక పరిశీలన వచ్చింది. అబ్లేషన్ అయ్యాక ఏడాది పాటు అస్సలు తిరగబెట్టనివాళ్లలో మాత్ర ఆపితే రక్తస్రావాలు తగ్గాయి, స్ట్రోకులు పెరగలేదు. కాబట్టి ఏడాది తర్వాత ఆ చర్చ మీ డాక్టరుగారితో పెట్టొచ్చు. మాత్ర మానేయడం కోసమే అబ్లేషన్ అంటే మాత్రం ఒప్పుకోను.

ఒకటి అడుగుతాను, మరోలా అనుకోకండి. బరువెంత? గురక పెడతారా? మందు అలవాటుందా? మీ నాలుగో గడిలో ఏముంది?


నాలుగు గళ్ల పుస్తకం రాశారు:

అందరికీ చాలా థ్యాంక్స్. మూడో అంతస్తు గారూ, ఆ మెరుపుల సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. "చూశారా" అంది. ఏడాదికి పావుగంట అన్న వాక్యం కూడా చదివాను. దానికేమీ అనలేదు.

సీసపు కోటు గారూ, మీరు అడిగాక నాలుగో గడి మళ్లీ చదివాను. సిగ్గుగా ఉంది. పద్దెనిమిది నెలలు రాశాను కానీ నిలువుగా ఒక్కసారీ చదవలేదు. 23లో 7 ఆదివారం తెల్లవారుజామునే, మూడు నుంచి ఐదు గంటల మధ్య. ఎదురుగా నేనే రాసుకున్నాను, "నిద్రలో". శనివారం సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు స్నేహితులం కూర్చుంటాం. రెండు పెగ్గులు, ఒక్కోసారి మూడు. దాన్ని అలవాటు అనుకోలేదు, వారానికి ఒక్కరోజే కదా అని. పిల్లలకు డేటా ఇచ్చి "సరళి కనుక్కోండి" అని చెప్పేవాణ్ని!

బరువు 91 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. గురక గురించి మా ఆవిడను అడిగాను. "గురక సరే, మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు నేను మోచేత్తో పొడుస్తాను" అంది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి చెప్పడం.


సీసపు కోటు రాశారు:

మోచేత్తో పొడిచే ఆవిడ ఉన్నందుకు సంతోషించండి, ఒంటరిగా పడుకునేవాళ్లకు అది ఎవరూ చెప్పరు. నిద్రలో ఊపిరి ఆగడం ఉందేమో పరీక్ష చేయించండి, అబ్లేషన్‌కు ముందే. దాన్ని వదిలేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మందు సంగతి: ఆస్ట్రేలియాలో 140 మంది తాగేవాళ్లను, అందరూ ఈ జబ్బున్నవాళ్లే, సగం మందిని మానమన్నారు, 2020లో అచ్చయింది. ఆరు నెలల్లో మానినవాళ్లలో 53 శాతానికి దడ తిరిగొచ్చింది, మానని వాళ్లలో 73. బరువు గురించి కూడా ఆస్ట్రేలియా నుంచే 2015లో వచ్చింది. బరువులో పదోవంతు తగ్గినవాళ్లకు, తగ్గనివాళ్లతో పోలిస్తే దడ లేకుండా ఉండే అవకాశం ఆరు రెట్లు. మీకు పదోవంతంటే 9 కిలోలు.

ఇవన్నీ చేసి అబ్లేషన్ మానేయమని కాదు. ఎలాగూ పరీక్షలకూ డేటుకూ కొంత టైము పడుతుంది. ఆ టైము ఊరికే పోనివ్వకండి.


మూడో అంతస్తు రాశారు:

నేను మొదటిదానికి ముందు మందు మానలేదు. రెండోదానికి ముందు మానాను. మొదటిది ఎందుకు విఫలమైందో దీన్ని బట్టి చెప్పలేం, సందు సందే. అయినా చెప్పాలనిపించింది.


చేమంతి రాశారు:

ఫ్లెకనైడ్ వేసుకుంటున్నావు కదా నాయనా. మా తమ్ముడికి గుండెపోటు వచ్చాక అది ఇవ్వకూడదన్నారు. నీకెప్పుడైనా ఛాతీ నొప్పి వస్తే ఆ మాత్ర వేసుకుంటున్నట్టు చెప్పడం మరిచిపోకు.


సీసపు కోటు రాశారు:

అమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆ మందు ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని 1989లోనే బయటపడి పరిశీలన మధ్యలో ఆపేశారు. మాస్టారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి గుండె రక్తనాళాల్లో అడ్డంకులు లేవని చూశారా అని ఒకసారి అడగండి.


నాలుగు గళ్ల పుస్తకం రాశారు:

ట్రెడ్‌మిల్ చేశారు, బాగుందన్నారు. అయినా అడుగుతాను. నిన్న డాక్టరుగారిని కలిశాను. మెటోప్రొలాల్ సగానికి తగ్గించారు. నిద్ర పరీక్ష వచ్చే మంగళవారం. అబ్లేషన్‌కు మూడు నెలల తర్వాత డేటు తీసుకున్నాను, పరీక్షలు దిద్దడం అయిపోయాక. ఏడాదికి ఎన్ని చేస్తారని అడిగితే ఆయన నవ్వి అంకె చెప్పారు, కోప్పడలేదు. పుస్తకంలో ఐదో గడి గీశాను: బరువు. పేరు మార్చుకోవాలేమో.

ఒక చిన్న సందేహం మిగిలింది. ప్రొసీజర్ రోజు పొద్దున అపిక్సబాన్ వేసుకోవాలా, మానాలా? మా బావమరిది రెండు రోజుల ముందే ఆపాలంటున్నాడు, పన్ను పీకించుకున్నప్పుడు తనకు అలాగే చెప్పారట.


సీసపు కోటు రాశారు:

మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. ఇప్పుడు చాలాచోట్ల అబ్లేషన్‌కు మాత్ర ఆపకుండానే చేస్తారు, కొన్నిచోట్ల ఆ పొద్దుటి మోతాదు ఒక్కటి వద్దంటారు. మీ దగ్గర ఏ పద్ధతో ముందే కాగితం మీద రాయించుకోండి. అంతకుముందు మూడు వారాల్లో ఏ పూటైనా మరిచిపోయి ఉంటే ఆ విషయం దాచకుండా చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, కర్ణిక చెవిలో, అంటే కర్ణికకు అంటుకుని ఉండే చిన్న సంచిలో, రక్తం గడ్డ ఉందేమో చూసి మొదలుపెడతాం. ఆ మాత్రల కోసం మీ పుస్తకంలో ఆరో గడి గీయండి.